బండి కింద పెద్దాయన

ఆ రోజు అన్సెల్మో ఉర్రుతియా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి గడ్డం గీసుకోవాలి. ఎనిమిదింటికి పికప్ బండి తీయాలి. తొమ్మిదింటికి కంకర రోడ్డు గేటు దగ్గర వన్యప్రాణి శాఖ ఇన్‌స్పెక్టరమ్మను ఎక్కించుకుని, పదికల్లా ఒడ్డున పెంగ్విన్లను చూపించాలి. ఆవిడ సంతకం పెడితే దక్షిణ అమెరికా కొసన పటగోనియా తీరంలోని అతని మేతభూమికి సందర్శకులు రావచ్చు. పెట్టకపోతే మళ్ళీ గొర్రెలు కొనుక్కోవాలి. ఉన్న గొర్రెలన్నిటినీ మూడేళ్ళ క్రితమే అమ్మేశాడు. అమ్మిన రోజున బావమరిది కాసిమీరోతో, "ఇక మీదట నేను ప్రకృతిని కాపాడతానురా, నువ్వు ఉన్ని కత్తిరించుకో" అన్నాడు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని తర్వాత చాలాసార్లు అనుకున్నాడు.

బండి తాళం తిప్పబోతుంటే కింద నుంచి గాడిద ఓండ్రపెట్టినట్టు అరుపు వినిపించింది. దిగి, వంగి చూశాడు. వెనక చక్రాల మధ్య, ముళ్ళపొద మొదట్లో, ఒక ముసలి మగ పెంగ్విన్ కూర్చుని అతని వైపు ఓరగా చూస్తోంది.

ఏటా సెప్టెంబరులో సముద్రం నుంచి నడుచుకుంటూ వచ్చి అదే పొద కింద గూడు పెట్టే పెంగ్విన్ అది. శీతాకాలమంతా బొరియ ఖాళీగా ఉంది కదా, గాలికి పొద చాటుగా ఉంటుంది కదా అని బండిని తెచ్చి దాని నడినెత్తిన నిలిపింది అన్సెల్మోనే. పెంగ్విన్ గూటి మీద మనిషి నీడ కూడా పడకూడదని గేటు దగ్గర బోర్డు మీద ఎర్ర రంగుతో రాసిందీ అతనే.

"నెలిదా! బండి కదపడానికి లేదే! కింద ఉంది!" అని కేకేశాడు.

వంటింటి కిటికీలోంచి భార్య తొంగి చూసింది. "ఎవరూ, మన పెద్దాయనేనా? వచ్చేశారా పాపం!" పెళ్ళైన ముప్ఫై ఏళ్ళలో నెలిదా మొగుణ్ణి ఒక్కసారి కూడా 'మీరు' అనలేదు. ఆ మర్యాదంతా పెంగ్విన్‌కు దాచిపెట్టింది.

"ఇన్‌స్పెక్టరమ్మను తీసుకురమ్మని మీ తమ్ముడికి రేడియోలో చెప్పు. ఈలోగా దీన్ని బతిమాలి బయటికి రప్పిస్తాను."

ఫోన్లు అందని ఆ తీరంలో అందరూ మాట్లాడుకునే రేడియోను నెలిదా అందుకుంది. ఆ పూట గాలి ఎంత బలంగా వీస్తోందంటే, కాసిమీరోకు నాలుగు మాటల్లో ఒకటే చేరింది. అతను విన్నది ఇది: "తమ్ముడూ... పెద్దాయన... బండి కింద... కదల్లేరు... బండి తీస్తే నలిగిపోతారు... నువ్వు త్వరగా..."

"బావా!" అని కాసిమీరో గావుకేక పెట్టి, అక్క అతన్ని 'మీరు' అందంటే ప్రాణం మీదికే వచ్చిందనుకుని, ఊళ్ళో నర్సు గ్లాదిస్‌కు రేడియో చేశాడు. గ్లాదిస్ అగ్నిమాపక దళానికి చెప్పింది. తీరం పొడుగునా ప్రతి వంటింట్లోనూ ఆ రేడియో మోగుతూనే ఉంటుంది, వేరే కాలక్షేపం లేదు మరి. మొదటి ఇంట్లో అన్సెల్మోకు ఒక కాలు విరిగింది. మూడో ఇంటికి రెండు కాళ్ళూ పోయాయి. ఆఖరి ఇల్లు చర్చి పక్కనే ఉండడంతో, ఫాదరు చనిపోయే వాళ్ళకు పూసే పవిత్ర తైలం సీసా పట్టుకుని అగ్నిమాపక బండెక్కాడు.

ఇదేమీ తెలియని అన్సెల్మో, కొత్త చొక్కాతోనే బండి కింద బోర్లా పడుకుని పెంగ్విన్‌ను బతిమాలుతున్నాడు. "రా నాయనా, ఒక్క పది అడుగులు. నీ ఇల్లు నీదే, కాదనను." అది కదల్లేదు. ఆడ పెంగ్విన్ పిలిచిందనుకుంటే వస్తుందేమోనని గొంతు సవరించుకుని ఓండ్రపెట్టాడు. పెంగ్విన్ తల అటూ ఇటూ తిప్పి రెండు కళ్ళతోనూ విడివిడిగా చూసింది. ఇంకాస్త ముందుకు జరగబోతే, అతని నడుం బెల్టు బండి అడుగున ఏదో కొక్కేనికి తగులుకుంది. ముందుకూ వెళ్ళలేడు, వెనక్కూ రాలేడు.

సరిగ్గా అప్పుడే సైరన్ మోగుతూ అగ్నిమాపక బండి వచ్చింది. వెనకే నర్సు, ఆమె వెనకే కాసిమీరో. అందరికీ ముందుగా కనబడినవి, పికప్ కింద నుంచి బయటికి వచ్చిన రెండు బూట్లు.

"అయ్యో బావా! గొర్రెలు అమ్మొద్దని చెప్తే విన్నావా!" అని ఏడుస్తూ కాసిమీరో ఒక కాలు పట్టుకున్నాడు. ఇద్దరు మనుషులు రెండోది పట్టుకున్నారు.

"లాగకండి! నాకేం కాలేదు!"

"పాపం, మతి తప్పి మాట్లాడుతున్నాడు," అన్నాడు ఫాదరు, సీసా మూత తీస్తూ.

లాగారు. బెల్టు తెగింది. ఆ కుదుపుకు పెంగ్విన్ బెదిరి, ఎదురుగా దొరికినదాన్ని కరిచింది. దొరికింది ముక్కు. అన్సెల్మో పెట్టిన కేకకు అర కిలోమీటరు దూరంలో మేస్తున్న ఒంటె జాతి అడవి జంతువులు, గ్వానకోల మంద చెదిరి పరుగెత్తింది.

ప్యాంటు మోకాళ్ళ దాకా జారి, ముక్కున నెత్తురు కారుతూ లేచి నిలబడేసరికి ఎదురుగా ఒకావిడ నోట్‌బుక్కుతో నిలబడి ఉంది. గేటు దగ్గర ఎవరూ రాకపోయేసరికి అటుగా వెళ్తున్న అగ్నిమాపక బండిని ఆపి ఎక్కిందట.

"నేను ఇన్‌స్పెక్టర్ మిర్తా సోసాను. ఈ స్థలం యజమాని ఎవరు?"

కాసిమీరో వైపు వేలు చూపిద్దామన్న ఆలోచన అన్సెల్మోకు రాకపోలేదు. "నేనేనమ్మా," అన్నాడు ప్యాంటు ఎగలాక్కుంటూ. "గూటి మీద బండి పెట్టిందీ నేనే. బోర్డు రాసిన వెధవనూ నేనే. ఇందులో పెంగ్విన్ తప్పేమీ లేదు. రేపే గొర్రెలు కొనుక్కుంటాను."

ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని దూరం నుంచే బండి కిందికి చూసింది. పెంగ్విన్ తెగిన బెల్టును ముక్కున కరుచుకుని గూట్లో పరుచుకుంటోంది.

"ఈ బండి మార్చి దాకా ఇక్కడి నుంచి కదలడానికి వీల్లేదు," అందావిడ. "అంత వరకూ ఇది గూడే. సముద్రపు కాకుల నుంచి గుడ్లకు ఇంత మంచి కప్పు ఈ తీరంలో ఇంకెక్కడా చూడలేదు. తప్పు ఒప్పుకున్న యజమానినీ చూడలేదనుకోండి." చెప్పి, సంతకం పెట్టింది.

అన్సెల్మో నవ్వబోతే ముక్కు నొప్పెట్టింది.

ఆ ఏడాది వచ్చిన జనం ఒడ్డున ఉన్న వేల పెంగ్విన్లను తొందరగా చూసేసి, ఆడదీ వచ్చి చేరాక బండి కింద కాపురమున్న ఒక్క జంట కోసం బారులు తీరారు. వాళ్ళను దూరంగా నిలబెట్టి అన్నీ వివరించే పని నెలిదా తీసుకుంది. అన్సెల్మోకు టీ పెట్టే పని అప్పగించారు. సందర్శకుల పుస్తకంలో టీ గురించి ఇంతవరకూ ఎవరూ రాయలేదు.