‘వచ్చేశా’ ఏ కాలం?

ట్రాఫిక్ జామే లేకపోతే మన భాష ఎప్పుడో చచ్చిపోయేది!

నవ్వకండి. ముప్పై ఏళ్లుగా పిల్లలకు వ్యాకరణం చెబుతున్నవాణ్ణి, తూచి మాట్లాడతాను. ఈ రాజధానిలో భాషకు కాస్తోకూస్తో కొత్త నెత్తురు ఎక్కుతున్నదంటే అది బడుల్లో కాదు, కదలని బస్సుల్లో!

‘వచ్చేశా’ అనే మాటే చూడండి. పుస్తకం ప్రకారం అది భూతకాలం. పని అయిపోయింది, మనిషి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. పాపం, ఆ పుస్తకం రాసినాయన మన రింగురోడ్డు ఎక్కి ఉండడు!

మా ఇంటి కుళాయి బాగుచేసే ప్లంబర్ ఫోన్లో ఏమంటాడు? “వచ్చేశా సార్, మీ వీధి మొదట్లోనే ఉన్నా!” వెనక పదిహేను హారన్లు, ఎవరో ఎవరినో తిడుతున్న తిట్లు. మా వీధి మొదట్లో చూస్తే పిల్లి తప్ప ఎవరూ లేరు. అయినా అబద్ధమాడాడనగలమా? శరీరం ఒక్కటే రాలేదు, మనసు ఎప్పుడో వచ్చేసింది!

క్లాసులో అడిగాను, ‘వచ్చేశాను’ ఏ కాలమని. చివరి బెంచీ అమ్మాయి లేచి, “ఎక్కణ్ణుంచి అంటున్నారో చెప్పాలి మాస్టారూ! ఇంట్లోంచి అయితే భవిష్యత్తు. సిగ్నల్ దగ్గర్నుంచి అయితే దేవుడి దయ” అంది.

పూర్తి మార్కులు వేశాను. వేయక చస్తానా?

‘అయిదు నిమిషాలు’ కూడా ఇప్పుడు లెక్క కాదు, ఓదార్పు.

నేను రోజూ ఎక్కే బస్సులో ఒకావిడ పుట్టబోయే మనవడికి స్వెటర్ అల్లడం మొదలుపెట్టింది. బస్సు వంతెన దాటేసరికి అది వాడికి బిగుతైపోయిందట! మొన్న కండక్టరు “ముందుకు జరగండి, ముందుకు జరగండి” అని అరుస్తుంటే, వెనక సీటు పెద్దాయన, “ఆ మాటేదో ముందు బస్సుకు చెప్పవయ్యా!” అన్నాడు. ఇంతటి చమత్కారం ఖాళీ రోడ్డు మీద పుడుతుందా?

ఆ వంతెన దిగేచోట రోడ్డు తవ్వి ఒక బోర్డు పెట్టారు: ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము.’ ఆరేళ్లయింది. తవ్వారు, పూడ్చారు, లోపల ఏదో మరిచిపోయామని మళ్లీ తవ్వారు. చింతించడం మాత్రం ఒక్కరోజూ ఆపలేదు! సొంత మనిషి పోయినా మా బడిలో చింతించడానికి అయిదు రోజులే సెలవు.

ఈ కొత్త వ్యాకరణానికి నేను చాలాకాలం లొంగలేదు. బయల్దేరకపోతే బయల్దేరలేదనే చెప్పేవాణ్ణి. “చాదస్తం మాస్టారు” అని మా ఆవిడ ఏడిపించేది. “అయినా ఒక సుఖముంది లెండి. మీరు వచ్చానంటే కిటికీలోంచి చూడక్కర్లేదు, తిన్నగా వెళ్లి తలుపు తీసేయొచ్చు” అనేది.

ఆ నియమం ఒక్కసారే తప్పాను.

నాలుగు నెలల కిందట, మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి నుంచి ఆవిడే ఫోన్ చేసింది. “ఎక్కడున్నారు?” అంది. గొంతు సన్నగా ఉంది. నేను వంతెన మీద, కదలని బస్సులో ఉన్నాను. బోర్డు దూరంగా కనిపిస్తోంది. ఆసుపత్రి ఇంకా మూడు కిలోమీటర్లు.

“వచ్చేశా” అన్నాను.

వంతెన మీద తలుపు తీయకూడదన్నాడు కండక్టరు. రూలట. బస్సు కిందికి దిగడానికి ముప్పావు గంట పట్టింది. అక్కణ్ణుంచి పరుగెత్తాను.

తర్వాత మా మరదలు చెప్పింది: “ఫోన్ పెట్టేసి, ‘మీ బావగారు వచ్చేశారే, ఆ తలుపు తీసిపెట్టు’ అంది అక్క. తీసే ఉంచాను బావగారూ. ఆఖరిదాకా అటే చూసింది.”

ఇరవయ్యెనిమిదేళ్లు వ్యాకరణం మాస్టారితో కాపురం చేసిన మనిషి. భూతకాలం అంటే భూతకాలమే అనుకుంది.

బోర్డు పెట్టినవారికి ఒక మనవి. ‘చింతిస్తున్నాము’ అన్న మాట చెరిపేయండి. ఆ పని నేను చూసుకుంటాను. మీరు రోడ్డు సంగతి చూడండి.