పాప చేత ‘వద్దు’ మాన్పించిన విధం

పార్కుల్లో ఉయ్యాలలూ జారుడుబల్లలూ పరీక్షించి, బాగున్నాయని సంతకం పెట్టే ఇన్‌స్పెక్టరు గారి పాపకు మాటలు వచ్చాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం. వచ్చింది ఒక్క మాటేననీ, అది ‘వద్దు’ అనీ తెలియజేయడానికి చింతిస్తున్నాం.

పాప ముందుగా తననే పిలుస్తుందని నాన్నమ్మ నెలల తరబడి ఆశపెట్టుకుంది. ఆ ముచ్చట తీరలేదు. ఒకరోజు మధ్యాహ్నం పాప ఆవిడ నోటికందించిన ముద్దను చేత్తో తోసేసి, నత్తి లేకుండా, ఉచ్చారణదోషం లేకుండా “వద్దు” అంది. మర్నాటికల్లా ఆ మాటను సకల అవసరాలకూ వాడేసింది. ముక్కు తుడవబోతే వద్దు. బిగుతు చొక్కా తొడగబోతే వద్దు. బుగ్గ గిల్లబోయిన మేనత్తకు కూడా మొహం మీదే వద్దు. మేనత్త చిన్నబుచ్చుకుని కాఫీ అయినా తాగకుండా వెళ్లిపోయింది.

“ఇదెక్కడి మాటే తల్లీ! మన ఇంటావంటా లేదు!” అని నాన్నమ్మ బుగ్గలు నొక్కుకుంది.

ఆవిడ అన్నది అక్షరాలా నిజం. ఇన్‌స్పెక్టరు గారు ఉద్యోగంలో చేరిన నాటి నుంచీ ఆ మాట వాడి ఎరగరు. “అలాగే సార్”, “తప్పకుండా సార్”, “మీరెలా అంటే అలా సార్” అన్నవాటితోనే ఆయన సర్వీసంతా సాఫీగా సాగిపోయింది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లను కొన్నాళ్లు ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టేవారు, మాటతీరు పట్టుబడుతుందని. అలాంటి మనిషి కడుపున ఇలాంటి పిల్ల పుట్టడం వీధివాళ్లకు కూడా అంతుపట్టలేదు.

పిల్లల డాక్టరమ్మకు చూపించారు. “ఈ వయసులో వద్దనడం మంచిదేనండీ. బుర్ర చురుగ్గా పనిచేస్తోందన్నమాట” అందావిడ.

“మరి అది తగ్గడానికి మందేమైనా ఉందా అమ్మా?” అని నాన్నమ్మ ఆదుర్దాగా అడిగింది. లేదని తేలడంతో ఆ డాక్టరమ్మ మీద ఇంటిల్లిపాదికీ గురి పోయింది.

చివరికి దారి చూపించింది పక్కింటావిడ. ఆవిడ కొడుకు పాప ఈడువాడే. ఏం పెట్టినా, ఎవరెత్తుకున్నా, ఎక్కడ దింపినా “సలే” అంటాడు. వీధంతా వాణ్ణి సరేబాబు అని ముద్దుగా పిలుచుకుంటుంది. ఆవిడ పద్ధతి చాలా తేలిక. పిల్ల వద్దంటే ఇంట్లో అందరూ గోడవైపు తిరిగి నిలబడాలి. సరే అంటే చప్పట్లు కొట్టాలి. ఆ రోజు నుంచే అమల్లో పెట్టారు. పాలవాడు వచ్చేసరికి కుటుంబం మొత్తం గోడకేసి నిలబడి ఉన్న రోజులు కూడా ఉన్నాయి. “పోనీలెండి అత్తయ్యా, దానికి ఇష్టం లేదు” అని తల్లి ఒకసారి అనబోయింది. అత్తగారు ఆవిడకు కూడా వీపు చూపించి గోడవైపు తిరిగిపోయింది.

ఇలా ఉండగా వీధి చివరి పార్కులో కొత్త ఉయ్యాల వెలిసింది. ఇన్‌స్పెక్టరు గారు వెళ్లి గొలుసు పట్టుకుని లాగి చూశారు. పైన కొక్కెం సగం దాకా పగిలి ఉంది. పరుగున వెళ్లి పై అధికారికి చెప్పారు.

“చిన్న గీతేగా! రంగేస్తే కనపడదు. ఆదివారం ప్రారంభానికి మున్సిపల్ ఛైర్మన్ గారు వస్తున్నారు, సంతకం పెట్టెయ్.”

ఇన్‌స్పెక్టరు గారు నోరు తెరిచారు. అలవాటైన మాటే బయటికొచ్చింది. సంతకం పెట్టి, కొక్కేనికి మంచి పసుపురంగు వేయించారు.

ఆదివారం ఛైర్మన్ గారు గొంతు సవరించుకున్నారు. “పసిపిల్లల భద్రతే మా ఊపిరి! మాటలు కాదు, చేతలు చూడండి! ఈ ఉయ్యాలను పరీక్షించిన అధికారి కన్నబిడ్డే మొట్టమొదట దీన్ని ఎక్కబోతోంది! ఇంతకన్నా హామీ ఏ ప్రభుత్వమైనా ఇవ్వగలదా?”

జనం ఈలలు వేశారు. ఇన్‌స్పెక్టరు గారు చంకలో పాపతో ఉయ్యాల దాకా ఎలా నడిచారో ఆయనకే తెలియదు. పాప ఉయ్యాలను చూసింది, మెడ దాకా దండలున్న ఛైర్మన్ గారిని చూసింది.

“వద్దు!”

ఛైర్మన్ గారు చేతులు చాచారు. పాప తండ్రి చొక్కా గుప్పిట పట్టుకుని, మైకులో పడేలా మరోసారి అరిచింది. నాన్నమ్మ అలవాటుగా తిరిగి చూసుకుంది కాని పార్కులో గోడ దొరకలేదు.

ఇన్‌స్పెక్టరు గారికి పోయిన ప్రాణం లేచి వచ్చింది. పిల్లను గుండెలకు హత్తుకున్నారు. జన్మలో అంత హాయి ఆయన ఎరగరు. కాని పై అధికారి కళ్లు ఆయన మీదే ఉన్నాయి.

“క్షమించాలి సార్. ఇంకా నేర్పుతున్నాం” అన్నారు.

“ఫరవాలేదు, ఫరవాలేదు. ఇంకెవరున్నారు?” అన్నారు ఛైర్మన్ గారు పెద్దమనసుతో.

పక్కింటావిడ తన కొడుకును ముందుకు తోసింది. “ఎక్కుతావా బాబూ?” అని అడిగారు. “సలే” అన్నాడు సరేబాబు. ఎంత మంచి పెంపకమో అని నలుగురూ మురిసిపోయారు.

ఇన్‌స్పెక్టరు గారికి అప్పుడు కావలసింది ఒక్క మాట. సొంత ఇంట్లో పొద్దస్తమానం వింటున్న మాటే. చంకలో ఉన్న పిల్ల అప్పుడే అని చూపించిన మాటే. నోరు తెరిచారు. దగ్గు వచ్చింది. అందరితో పాటు తానూ చప్పట్లు కొట్టారు.

ఉయ్యాల ఆ రోజు తెగలేదు. దాంతో సంతకం సరైనదేననీ, పాపదే తప్పనీ రుజువైపోయింది. ఇంట్లో శిక్షణ రెట్టింపు చేశారు. ఇప్పుడు పాప చక్కగా “సలే” అంటోంది, పాత మాట పూర్తిగా మరిచిపోయింది. రోజూ సాయంత్రం నాన్నమ్మ పార్కుకు తీసుకెళ్లి అదే ఉయ్యాలలో ఊపుతోంది. ఇన్‌స్పెక్టరు గారు మాత్రం ఆ వేళప్పుడు పార్కు వీధిలోంచి కాకుండా చుట్టూ తిరిగి ఇంటికి చేరుతున్నారు.

పార్కు గేటు తెరిచే ఉంది. మీ పిల్లల్ని కూడా తీసుకురండి. కొక్కెం సంగతి మీకు తెలుసు, రంగు సంగతీ తెలుసు. అభ్యంతరం ఉంటే ఇప్పుడే చెప్పండి.

ఎవరూ మాట్లాడరేం? సంతోషం. మీరంతా మంచి పెంపకంలో పెరిగినవాళ్లే.