పద్దెనిమిది బేరింగుల గాలపు రీలు

ఒక పెద్ద అడవిలో, కరవు కాలాన తన మడుగులోని చేపలను పగవారికి సైతం పంచిపెట్టిన మీనప్పయ్య అనే నీటికుక్క ఉండేవాడు. ఆయన కుమార్తె తుంగమ్మ, తల్లిలేని పిల్లలు ముప్పైమందికి ఈత నేర్పిన పుణ్యాత్మురాలు. తుంగమ్మ కుమార్తె భాగీరథమ్మ ఈ రెండు సంగతులను రోజుకు రెండుసార్లు అందరికీ జ్ఞాపకం చేసేది.

ఆ వంశగౌరవం చూసే ఆమెను మడుగు సంఘానికి అధ్యక్షురాలిని చేశారు.

ఆ ఏడు సంఘంలోని వృద్ధులు పదకొండుగురికి పళ్లు ఊడిపోయాయి. నీట మునిగి చేపను కరచిపట్టే శక్తి భాగీరథమ్మకు కూడా లేదు. గట్టున కూర్చుండి గాలం విసిరే రీలు ఒకటి కొంటేనే వారి కడుపు నిండేది. సంఘం వద్ద ఉన్నవి మూడే తేనెపట్లు. ఎంపిక తప్పితే పస్తే.

కోతి వర్తకుడు వానరయ్య రెండు రీళ్లు తెచ్చి ఆమె బల్లమీద పెట్టాడు.

"ఇది ఒక్క తేనెపట్టు, దారపు కండె తేలికగా తిరిగేందుకు ఆరు బేరింగులు. ఇది మూడు తేనెపట్లు, పద్దెనిమిది బేరింగులు. మీ వంశానికి తగినది ఏదో నేను చెప్పాలా, అమ్మగారూ?"

భాగీరథమ్మ పెద్ద రీలు పిడి తిప్పింది. వెన్నలో వేలు పెట్టినట్లు తిరిగింది.

"తిప్పడం కాదు, అమ్మమ్మా," అన్నది పక్కనే వాలి ఉన్న లకుముకిపిట్ట చిట్టెమ్మ. "గట్టున ఒకసారి విసిరి చూడండి. విసిరితే దారపు కండె తనంతట తాను తిరుగుతుంది. బ్రేకు మంచిది కాకపోతే ఆగదు."

"నీ వయసెంత?"

"రెండేళ్లు."

"నా అధ్యక్షతకే నాలుగేళ్లు."

తాబేలు గుమాస్తా కూర్మయ్య గొంతు సవరించుకున్నాడు. "పైగా గట్టుకు తీసుకువెళ్తే ఫైలు తడుస్తుందండీ. మన సంఘం కొన్నవన్నీ బల్లమీదే పరీక్షించాము. పడవతో సహా."

"ఆ పడవ ఏమైంది, తాతా?" అన్నది చిట్టెమ్మ.

"బల్లమీద బ్రహ్మాండంగా ఉన్నదమ్మా."

పెద్ద రీలే కొన్నారు.

మరునాడు వృద్ధులందరూ గట్టున విస్తళ్లు పరచుకొని కూర్చున్నారు. భాగీరథమ్మ తాతగారిని తలచుకొని గాలం విసిరింది. ఎర పది బారలు పోయి నీటిలో పడి ఆగింది. కండె ఆగలేదు. పద్దెనిమిది బేరింగులూ ఏకగ్రీవంగా తిరుగుతూనే ఉన్నాయి. దారం పొంగి, చిక్కుపడి, పిచ్చుకగూడులా ఉబ్బింది.

"అల్లిక బాగున్నది, వదినా," అన్నది ఒక ముసలి నీటికుక్క. "కూర ఏదీ?"

సాయంత్రం కాకముందే ఒక గిజిగాడు భార్యను వెంటబెట్టుకొని వచ్చి, ఆ చిక్కులో కాపురం పెట్టాడు. కాపురమున్న సరుకును వెనక్కు తీసుకోనని వానరయ్య తేల్చిచెప్పాడు.

ఆ పూట విస్తరికొక చేపను చిట్టెమ్మే తెచ్చి వేసింది. భాగీరథమ్మ తన విస్తరి పట్టుకొని చిట్టెమ్మ పక్కకు జరిగింది.

"ఆ చిన్న రీలును ఎలా విసరాలే, అమ్మాయీ?"

"ఎర మెల్లగా జారేటట్లు బ్రేకు బిగించుకోవాలి. ఎర నీటిని తాకే వేళకు బొటనవేలు కండెమీద ఉండాలి, అమ్మమ్మా."

తాను దాచుకున్న తేనెపట్టు ఇచ్చి భాగీరథమ్మ చిన్న రీలు కొన్నది. గట్టున ఇరవైసార్లు విసిరి చూసిన తరువాతనే. కూర్మయ్య ఫైలు తడిసింది. ఎవరికీ ఏమీ కాలేదు.

వానలు రాకముందే ఆమె కుర్చీ దిగి చిట్టెమ్మకు అప్పగించినవి ఇవి: పనిచేసే చిన్న రీలు, పనిచేయని పెద్ద రీలు, అందులో మూడు పిట్టపిల్లలు, ఒక తడిసిన ఫైలు. తాతగారి కథను అప్పగించలేదు. అది అప్పటికే అందరికీ కంఠతా వచ్చు.

నీతి: పెద్దల ఎంపికను శ్రద్ధగా గమనింపవలెను, ఏది కొనరాదో తెలుసుకొనుటకు అంతకంటె సులభోపాయము లేదు.