పుచ్చుకు వచ్చిన గిరాకీ

ప్రొద్దుటూరు బట్టల బజారులో హనుమంతయ్య దుకాణం ఉదయం పది గంటలకు తెరుచుకుంటుంది. అంతవరకు దాని ముందున్న ఆరడుగుల అరుగు ఎవరికీ పనికిరాకుండా పడి ఉంటుంది. ఆ అరుగును ఆయన కోడలు వాసవి అడిగింది. రాజుపాలెంలో కుళ్లాయప్ప, మల్లిక అనే దంపతులు మందు కొట్టకుండా పండించే కూరగాయలను రోజూ మూడు గంటలపాటు అక్కడ అమ్మాలని ఆమె ఆలోచన. హనుమంతయ్య ఒక్క రోజు అవకాశమిచ్చాడు.

"పది గంటల్లోపల సరుకంతా పోయిందా, అరుగు నీది. ఒక్క గంప మిగిలినా రేపట్నించి ఆడ నైటీలు తొడిగిన బొమ్మలు నిలబెడతా" అన్నాడు.

ఓడిపోతే వాసవికి పోయేది అరుగు మాత్రమే. కుళ్లాయప్పకు పోయేది అంతకన్నా ఎక్కువ. రెండేళ్ల క్రితం వంగతోటకు మందు కొడుతూ అతడు చాళ్ల మధ్యనే సొమ్మసిల్లి పడిపోయాడు. తేరుకున్నాక ఆ మందు డబ్బాలు మానేసి, చేలో తమ గొర్రెల మందను ఆపి, ఆ ఎరువుతోనే పంట తీస్తున్నాడు. కాయకు రుచి పెరిగింది, నిగనిగ తగ్గింది. మార్కెట్టు అడిగేది నిగనిగను. ఈ అరుగు కూడా దక్కకపోతే మళ్లీ స్ప్రేయరు భుజానికెత్తుకోక తప్పదని అతడు భార్యతో చెప్పేశాడు.

ముందురోజు సాయంత్రం వాసవి వీధిలోని ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం పెట్టింది. "కాయలో పుచ్చు కనిపిస్తే భయపడకండి. పురుగు బతికిన చోట విషం లేనట్టే." ఇది తర్కానికి పూర్తిగా నిలిచే మాట కాదు. కానీ జనానికి తర్కం కన్నా, వేలు పెట్టి చూడగలిగిన రుజువు మీద నమ్మకం ఎక్కువ. తెల్లవారేసరికి ఆ సందేశం జమ్మలమడుగు దాకా పోయింది.

ఆరున్నరకు ట్రాలీ ఆటోలో నాలుగు గంపల వంకాయలు దిగాయి. కుళ్లాయప్ప దంపతులు గంపలు అరుగు మీద పెట్టి టిఫినుకు వెళ్లారు. వాసవి మేడ మీద బోర్డు రాసుకుంటోంది. ఆ సమయంలో హనుమంతయ్య కిందికి వచ్చాడు. నిజానికి కోడలు గెలవాలనే ఆయన కోరిక. చిక్కంతా ఆ ప్రేమతోనే మొదలైంది.

ఆయన ఒక వంకాయను తీసి, చీరను చూసినట్టే వెలుతురుకు పట్టి, తిప్పి చూశాడు. నలభై ఏళ్లలో చిల్లున్న గుడ్డను గిరాకీ ముందు పరచని మనిషి ఆయన.

"నాగేంద్రా! ఇదేందప్పా, డ్యామేజీ సరుకు!"

ముప్పై ఏళ్లుగా అక్కడే పనిచేస్తున్న గుమాస్తా నాగేంద్ర గంపలోకి తొంగి చూశాడు. "శానా ఉండాయి సావుకారూ. పాపం, వాసవమ్మ తెలీక దింపుకునింది."

"ఆయమ్మకు చెప్పొద్దు, మనసు కష్టపెట్టుకుంటాది. ఇవి ఎనక వాకిట్లో పెట్టి, మార్కెట్లో నున్నటి కాయలు నాలుగు గంపలు పట్టుకురా."

వచ్చిన కాయలు మూడు జిల్లాల అవతలినుంచి రెండు రోజులు లారీలో ప్రయాణం చేసినవి. అయినా అద్దాల్లా మెరిశాయి. వాటిని ముట్టుకోవడానికి పురుగుకు లేని ధైర్యం మనుషులకు ఉంటుందని మార్కెట్టు నమ్మకం.

ఏడింటికి మొట్టమొదట ఖాతూన్‌బీ వచ్చింది. ఆ ఊళ్లో సగం మంది రవికెలు కుట్టిన చేయి ఆమెది.

"ఏం హనుమంతయ్యా, పుచ్చులు యాడ?"

"మా దాంట్లో పుచ్చులుండవు ఖాతూన్‌బీ! ఒక్కటి చూపించు, గంప ఊరికే ఇస్తా."

"అయితే పోతాండా. పుచ్చులుంటాయంటేనే గదా ఈ మోకాళ్లతో ఇంత దూరం వచ్చినా!"

ఆమె ఫోను చూపించింది. హనుమంతయ్య ఆ సందేశాన్ని రెండుసార్లు చదివాడు. ఆమె వెనక డజను మంది ఆడవాళ్లు ఖాళీ సంచులతో వెనక్కు తిరగబోతున్నారు. ఆయన సైగ చేయగానే నాగేంద్ర వెనక వాకిలికి పరుగెత్తి, అంతే వేగంగా ఒట్టి చేతులతో తిరిగొచ్చాడు. అప్పటికే టిఫిను ముగించి వెనక సందులోంచి వస్తున్న దంపతులు తమ గంపలు వాకిట్లో చెత్తకుండీ పక్కన ఉండడం చూశారు. ఎవరినీ ఏమీ అడగకుండా వాటిని ఆటోకెక్కించేసుకున్నారు.

"ఇప్పుడెట్లప్పా?"

"కావల్సింది బొక్కలే గదా సావుకారూ. పది నిమిషాలు ఈళ్లను నిలబెట్టండి."

బట్టల మూటలు కుట్టే దబ్బనం పట్టుకొని నాగేంద్ర లోపలి గదిలో కూర్చున్నాడు. అతడు ఏ పనీ అడ్డదిడ్డంగా చేసే మనిషి కాదు. ప్రతి కాయకూ తొడిమకు రెండు వేళ్ల కింద, ఒకే పరిమాణంలో ఒక్కొక్క రంధ్రం పొడిచాడు.

ఖాతూన్‌బీ కళ్లజోడు సవరించుకొని, బయటికి వచ్చిన తొలి విడతలోంచి ఆరు కాయలను వరసగా పేర్చింది. "ఈ పురుగు యాడ నేర్చుకునిందప్పా కుట్టుపని? టేపు పెట్టి తొలిచినట్లుందే! ఇంత నీటుగా నా దగ్గర నేర్చుకున్నోళ్లు కాజాలు గూడా కుట్టలేదు." ఒక కాయను విరిచింది. రంధ్రం ఒక వైపు దూరి, తిన్నగా రెండో వైపు తేలింది. లోపల పురుగు లేదు, అది తిరిగిన జాడా లేదు.

అంతలో ఒకామె లోపలి గది తెర పక్కకు లాగింది. ఒక చేతిలో వంకాయ, మరొక చేతిలో దబ్బనంతో నాగేంద్ర కనిపించాడు.

"అయ్యో తల్లీ! లోపల వంకాయలకు సూదులేస్తాండారు!"

మందు కొట్టని కాయలన్న బోర్డు పట్టుకొని వాసవి మేడ దిగేసరికి, ఆ వీధిలో వంకాయలకు ఇంజెక్షన్లు ఇస్తున్నారన్న వార్త స్థిరపడిపోయింది. ఇద్దరు వీడియో తీస్తున్నారు. నిన్నటి సందేశం చేరిన చోటికల్లా ఇదీ చేరింది, మరింత త్వరగా.

"ఏంది మామా ఇది?"

హనుమంతయ్య బదులు చెప్పేలోగా, చంకన ఒక గంపతో జనాన్ని తోసుకుంటూ మల్లిక వచ్చింది. వెనక ఆటో పక్కన కుళ్లాయప్ప తల వంచుకొని నిలబడ్డాడు.

"అక్కా, మా కాయలు వద్దంటే నోటితో చెప్పుంటే పోయేవాళ్లం గదా! చెత్తకుండీ పక్కన పెట్టల్నా? మా ఆయప్ప పోతా పోతా మందు డబ్బా కొనుక్కొని పోదామంటాండాడు."

వాసవి మామగారి వైపు చూడలేదు. చూసి ఉంటే ఆయన ఇంకొక అబద్ధం ఆడేవాడేమో. ఆయన చేతులు కట్టుకొని జనం ముందుకు వచ్చాడు.

"తీయించింది నేనే. చిల్లున్న సరుకు నా అరుగు మీద ఉంటే కోడలి మాట పోతాదని తీయించినా. చిల్లులు పొడిపించిందీ నేనే. వాసవమ్మకు ఏమీ తెలీదు, ఈ తల్లికీ తెలీదు."

నలభై ఏళ్లలో ఆయన తప్పు ఒప్పుకోవడం ఆ బజారు చూడలేదు. వీడియోలు ఆగిపోయాయి. ఖాతూన్‌బీ మల్లిక గంపలోంచి పుచ్చు ఉన్న ఒక వంకాయను తీసి, అరుగు మీద పరచి ఉన్న తెల్ల పంచె మీద విరిచింది. సొరంగం వంకర టింకరగా, ఏ కొలతకూ లొంగకుండా సాగింది. దాని చివరినుంచి ఒక పురుగు బయటికి వచ్చి, పంచె మీద నింపాదిగా నడిచింది.

"పానంతో ఉండాది!" అని ఎవరో అరిచారు. జనం గంపల మీద పడ్డారు.

పుచ్చు ఉన్నంత మేర కోసేస్తే చాలని మల్లిక చెబుతున్నా వినేవారు లేరు. తొమ్మిదిన్నరకల్లా పుచ్చు ఉన్న కాయలన్నీ అయిపోయాయి. పుచ్చు లేనివి, నాలుగు గంపల్లోకీ మేలైన కాయలు, ఒక గంపెడు మిగిలిపోయాయి.

"ఇవీ ఆ చెట్లవే గదమ్మా! పురుగు ఇంకా వీటి దాకా రాలేదంతే" అంది మల్లిక.

"మాకెట్ల నమ్మకం?" అంది ఒకామె, సంచి మూతి ముడుచుకుంటూ.

నాగేంద్ర చేయి దబ్బనం వైపు కదిలింది. హనుమంతయ్య చూపుతో అది ఆగిపోయింది.

గోడ గడియారంలో పదికి అయిదు నిమిషాలు తక్కువ. షరతు షరతే. వాసవి బోర్డు తీసేసింది. కుళ్లాయప్ప ఆ గంపను ఎత్తుకోబోయాడు.

"దించప్పా" అన్నాడు హనుమంతయ్య. "అరుగు మీద నిలబడినోడు గిరాకీ గాదా? ఆ గంప నాది."

"అంత ఏం చేసుకుంటావు మామా?"

"తింటా. నీ మాట మీద నమ్మకంతో తింటా. నాకు పురుగు సాక్ష్యం అక్కర్లేదు."

కుళ్లాయప్ప ఆటోలో రాజుపాలెం తిరిగి వెళ్లాడు. దోవలో మందు డబ్బాల అంగడి దగ్గర బండి ఆపలేదు. మధ్యాహ్నం హనుమంతయ్య గుత్తివంకాయ కూర మూడుసార్లు వడ్డించుకున్నాడు. మూడోసారి మాత్రం ఎవరూ చూడనప్పుడు.

మరునాడు ఒకావిడ అంచు దగ్గర చిల్లు పడిన నూలుచీరను వాపసు తెచ్చింది. హనుమంతయ్య దాన్ని వెలుతురుకు పట్టి, తిప్పి చూసి, "మందు కొట్టని పత్తి తల్లీ ఇది" అన్నాడు.