బామ్మర్ది ఇచ్చిన చక్రం

మానవజాతి చక్రాన్ని కనిపెట్టి అయిదు వేల ఏండ్లు దాటింది. అయితే ఒక బండికున్న చక్రాన్ని విప్పి ఇంకో బండికి బిగించవచ్చునా అన్న విషయం మాత్రం కామారెడ్డిలోని పాతవాహన చక్ర బాంధవ్య నిర్ధారణ విభాగం పరిశీలనలో ఉంది. పరిశీలన సక్రమంగా సాగుతోంది. తొందరేమీ లేదు. మొట్టమొదటి చక్రం చేసినవాడు దరఖాస్తు పెట్టుకోకుండా తొందరపడ్డాడనీ, లోకం ఇప్పుడిట్లా తయారు కావడానికి అదే కారణమనీ విభాగం అభిప్రాయం.

ఇంతటి విభాగం ఒకటుందని మా దిక్కు జనానికి తెలిసింది ఎల్లారెడ్డి గంగారాం వల్ల. గంగారాం పదకొండేండ్లు మస్కట్‌లో పరాయివాళ్ల కార్లు తోలాడు. తిరిగొచ్చాక తన పేరు మీద కొనుక్కున్న మొదటి వస్తువు ఒక పద్మిని కారు. ఎనభై రెండు మోడలు, మీగడ రంగు. కొన్ననాటికే అది ముసలిది. కానీ కొత్త కార్లెక్కితే కడుపులో తిప్పే ఆడవాళ్లు సైతం ఇందులో కామారెడ్డి దాకా కునుకు తీస్తూ పోతారు. పొద్దున్నే దాని బానెట్ తుడవనిదే గంగారాం చాయ్ ముట్టడు. ఆ కారుకు నవంబరు ముప్పైలోగా ఫిట్‌నెస్ కాగితం రావాలి. రాకపోతే తుక్కు కింద పోతుంది. ఈ ఒక్క ముక్కలో మాత్రం వేళాకోళం లేదు.

అక్టోబరులో నిజాంసాగర్ నుంచి వస్తుంటే కారు వెనక ఎడమ చక్రం గుంతలో పడి రిమ్ము పగిలింది. కామారెడ్డి మెకానిక్ యేసుబాబు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, అతుకు నిలవదనీ, కొత్తది దొరకదనీ చెప్పాడు. అయితే గంగారాం బామ్మర్ది సాయిలు బీబీపేటలో ఉంటాడు. వాళ్ల కొట్టంలో వాళ్ల నాయిన నడిపిన ఆకుపచ్చ ప్రెసిడెంట్ కారు ఇరవై ఏండ్లుగా నిలబడి ఉంది. అది డెబ్బై మూడు మోడలు. దాని చక్రం దీనికి పడుతుందా అని గంగారాం అనుమానపడితే యేసుబాబు నవ్వాడు.

"గంగన్నా, రెండూ ఒక్కటే బండి. ప్రెసిడెంట్ అని పెట్టిండ్రు, రెండేండ్లకు పద్మిని అని మార్చిండ్రు. పెండ్లయినంక మా అక్కకు ఇంటిపేరు మారింది, మనిషి మారిందా? గట్లనే."

చక్రం పావుగంటలో బిగిసింది. బోల్టులు కూర్చున్నాయి, కారు కదిలింది, ఊగలేదు, ఒరగలేదు. మామూలు దేశంలోనైతే కథ ఇక్కడ అయిపోయేది.

గంగారాం ఆ ఆకుపచ్చ రిమ్ముకు మీగడ రంగు కొడదామనుకున్నాడు. భార్య గంగామణి కొట్టనియ్యలేదు. పుట్టింటి నుంచి వచ్చిన వస్తువు రంగు ఏడాది దాకా మార్చకూడదని ఆచారం ఉందంది. (ఈ ఆచారం ఎక్కడా లేదు. గంగామణి అప్పుడే పెట్టింది.) పసుపు రాసి, బొట్టు పెట్టి, చక్రానికి కొబ్బరికాయ కొట్టింది. అట్లా మూడు మీగడ చక్రాలు, ఒక పచ్చ చక్రంతో, ముత్తయిదువలా కారు ఫిట్‌నెస్ పరీక్షకు పోయింది.

అక్కడ అన్నీ నెగ్గింది. బ్రేకులు పడ్డాయి, లైట్లు వెలిగాయి, పొగ తక్కువొచ్చింది. చివర్లో పరీక్షించేవాడు ఆ పచ్చ చక్రం ఎక్కడిదని అడిగాడు. ఊరికే అడిగాడు, పాపం. పట్నం మనిషైతే దుకాణంలో కొన్నానని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. మా దిక్కు అట్లా కాదు. గుమ్మడికాయ ఎక్కడిదని అడిగితే అది ఏ పాదుకు కాసిందో, ఆ పాదు పెట్టినామె ఎవరి కోడలో, ఆమె చెల్లెల్ని ఏ ఊరికిచ్చారో చెప్పి గానీ కాయ కోయం. వస్తువు కంటే ముందు చుట్టరికం.

"మా బామ్మర్దిది సార్. బీబీపేటల ఉంటడు. వాళ్ల నాయిన బండిది. మనకు పరాయిది గాదు" అన్నాడు గంగారాం, మర్యాదగా.

పరీక్షించేవాడు కలం ఆపాడు. 'చక్రం బంధువుల నుండి సంక్రమించినది' అని రాశాడు. కొన్న చక్రమైతే ఆయన సంతకం చాలు. సంక్రమించిన చక్రానికి, నియమం పదిహేడు ఉపనియమం (క) ప్రకారం, ఇచ్చిన బండికీ పుచ్చుకున్న బండికీ మధ్య చుట్టరికాన్ని బాంధవ్య విభాగం ధ్రువీకరించాలి. దరఖాస్తు నేరుగా తీసుకోరు. 'చక్రబంధు' అనే యాప్‌లో పెట్టుకోవాలి. ప్రజలు ఆఫీసుల చుట్టూ తిరగకూడదనే మంచి ఉద్దేశంతో యాప్ చేశారు. ఇప్పుడు ప్రజలు యాప్ చుట్టూ తిరిగి, ఆ తర్వాత ఆఫీసు చుట్టూ తిరుగుతారు.

ఎల్లారెడ్డి బస్టాండు ఎదురుగా ఆన్‌లైన్ సెంటర్ నడిపే నిరోష ఈ విద్యలో ఆరితేరింది. ఆమె ఫోను పట్టుకుని కారు దగ్గరికొచ్చి చక్రానికి ఫొటో తీసింది. 'దయచేసి కళ్లు ఆర్పండి' అంది యాప్. చక్రం ఆర్పలేదు. మూడుసార్లు తిరస్కరించాక నిరోష జాకీ పెట్టించి, చక్రాన్ని చేత్తో తిప్పమంది. గంగారాం తిప్పాడు. పసుపు బొట్టు ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోయింది. యాప్ ధన్యవాదాలు చెప్పింది.

తర్వాతది 'సంబంధం' అనే గడి. అందులో తండ్రి, తల్లి, భర్త, భార్య, అన్న, తమ్ముడు, దత్తత అని ఉన్నాయి. రెండూ ఒకటే బండి అని రాయమన్నాడు గంగారాం.

"ఒకటే అని పెడితే రెండోది ఎందుకున్నదని అడుగుతది కాకా. అన్న అని పెడుతున్న. వయసుల తొమ్మిదేండ్లు పెద్దది గద" అంది నిరోష.

అన్న అని పెట్టగానే ఇంకో గడి తెరుచుకుంది. 'అన్నగారు జీవించి ఉన్నారా?'

గంగారాం సాయిలుకు ఫోన్ కలిపాడు. అది వాళ్ల నాయిన బండి. పోయిందని వాళ్లింట్లో ఎవరూ ఇంతవరకు నోటితో అనలేదు.

"బ్యాటరీ తగిలిస్తే హారన్ ఇప్పటికీ మోగుతది బావా. సచ్చిందని ఎట్ల రాస్తం?"

జీవించి ఉన్నారని రాశారు. న్యాయంగా చూస్తే అదే నిజం. చచ్చిందని రాస్తే మరణ ధ్రువీకరణ పత్రం అడిగేది, దానికోసం పంచాయతీ కార్యదర్శి బండి నాడి చూడాల్సి వచ్చేది. జీవించి ఉన్నారు కనుక, అన్నగారు స్వయంగా విభాగానికి హాజరై సమ్మతి తెలపాలని యాప్ చెప్పింది. అన్నగారికి మూడు చక్రాలున్నాయి. హాజరు కావాలంటే నాలుగోది కావాలి. నాలుగోది తమ్ముడి దగ్గరుంది. దాన్ని తిరిగి అన్నకు బిగించడం కూడా చక్ర మార్పిడే కనుక దానికి వేరే దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ దరఖాస్తులో మొదటి గడి, సంబంధం.

నిరోష ఒక పూటంతా కూర్చొని, 'కదలలేని వృద్ధులకు ఇంటివద్ద విచారణ' అనే సదుపాయం పట్టుకుంది. అప్పటికి నవంబరు పద్దెనిమిది.

విచారణకు సహాయ చక్ర పరిశీలకులు భీమేష్ గారిని వేశారు. భీమేష్ గారు నిక్కచ్చి మనిషి, మంచి మనిషి కూడా. ఈ రెండూ ఒక మనిషిలో ఉంటే ఎదుటివాడికి కలిగే కష్టం ఇంతా అంతా కాదు. బీబీపేట పోవడానికి విభాగానికి జీపుంది. అది ఆఫీసు ఆవరణలోనే నాలుగేండ్లుగా ఇటుకల మీద ఉంది. దానికి వేరే జీపు చక్రాలు వేయాలని విభాగం, విభాగానికే దరఖాస్తు పెట్టుకుంది. వివరణ కోరుతూ విభాగం పంపిన నోటీసు, దరఖాస్తుదారు చిరునామాలో లేరని తిరిగొచ్చింది. కాబట్టి బండి పంపమని భీమేష్ గారు గంగారాంకు కబురు చేశారు.

అట్లా విచారణాధికారి పద్మిని కారెక్కాడు. ఆ పచ్చ చక్రం మీదే, కచ్చితంగా దాని పైనున్న సీట్లో కూర్చొని, కామారెడ్డి నుంచి బీబీపేట దాకా వచ్చాడు. దారిలో సీతాఫలాలు కొనుక్కున్నాడు. కారు మెత్తగా పోతోందని మెచ్చుకున్నాడు. ఒక కునుకు కూడా తీశాడు.

కొట్టం ముందర సాయిలు తల్లి, గంగారాంకు అత్త అయిన మంగవ్వ మంచం వేసి కూర్చొని ఉంది. ఆమెకు ఎనభై దగ్గర. భీమేష్ గారు దిగి, సంచిలోంచి టేపు తీసి, ఈ చక్రం ఆ బండి మీద తిరుగుతుందో లేదో తేల్చడానికి వచ్చానని చెప్పాడు. మంగవ్వ కారును చూసింది, ఆయన్ను చూసింది.

"దేని మీద వచ్చినవ్ బిడ్డా?"

"గీ కారు మీదనే అవ్వా."

"మరి టైరు తిరిగిందా, నువ్వు గట్లనే ఈడ్చుకొచ్చినవా?"

భీమేష్ గారు నొచ్చుకోలేదు. ఓపిగ్గా చెప్పాడు.

"అవ్వా, వచ్చేటప్పుడు నేను ప్రయాణికున్ని. దిగినంకనే ఆఫీసర్‌ని. ప్రయాణికుడు చూసింది ఆఫీసర్ రాయొద్దు."

"మంచిగున్నది. మా మనుమడు గూడ బడిల చూసింది ఇంట్ల చెప్పడు" అని మంగవ్వ మంచం మీద ఒత్తిగిలింది.

కొలతలు అయ్యాయి. ఇక జీవించి ఉన్నట్టు నిర్ధారణ. అన్నగారి డ్రైవరు సీట్లో ఒక కోడి పదకొండు గుడ్లు పొదుగుతోంది. అది పరిశీలకుడిని చూసి ముక్కు ఎత్తింది కానీ లేవలేదు. 'వాహనం వినియోగంలో ఉంది; డ్రైవరు సీటు ఖాళీగా లేదు' అని ఆయన నమోదు చేశాడు. సాయిలు ట్రాక్టర్ బ్యాటరీ తెచ్చి తగిలించాడు. భీమేష్ గారు బానెట్ ఎదురుగా నిలబడి, ఫారంలో ఉన్నది ఉన్నట్టు చదివాడు. 'మీ వెనక ఎడమ చక్రాన్ని మీ తమ్ముడికి, ఎవరి ఒత్తిడీ లేకుండా, పూర్ణ స్పృహతో ఇస్తున్నారా?'

సాయిలు హారన్ నొక్కాడు. మోగింది. చాన్నాళ్లకు మోగింది గదా, ఆగలేదు. కోడి ఎగిరి ఆఫీసరు ఫైలు మీద పడింది, కొట్టంలో బర్రె తాడు తెంపుకుంది, మంగవ్వ లేచి కూర్చొని పైటకొంగుతో కండ్లు ఒత్తుకుంది. పొద్దుగూకే వేళ మొగుడు ఊరవతలి నుంచే కొట్టుకుంటూ వచ్చే హారన్ అది. సాయిలు చివరికి వైరు పీకేశాడు. భీమేష్ గారు ఈకలు దులిపి రాశాడు. 'అన్నగారు ఎడతెగని సమ్మతి తెలిపారు. ఆపుటకు స్వల్ప బలప్రయోగం అవసరమైనది.'

ఆ తర్వాత గంగారాం ఆయన్ను అదే చక్రం మీద కామారెడ్డిలో దింపాడు.

నవంబరు ఇరవై తొమ్మిది మధ్యాహ్నం ఉత్తర్వు వచ్చింది. గంగారాం పొద్దున్నుంచి నిరోష సెంటర్ ముందరే ఉన్నాడు. చాయ్ తాగలేదు. యేసుబాబు కూడా కామారెడ్డి నుంచి వచ్చి నిలబడ్డాడు. నిరోష చదివి, మళ్లీ మొదటి నుంచి చదివి, అర్థమైనంత మేరకు చెప్పింది. రెండు బండ్లూ సొంత అన్నదమ్ములేనని విభాగం సంతోషంగా ధ్రువీకరించింది. అయితే అన్నగారు సజీవంగా ఉండి, నోరు విప్పి మాట్లాడగలిగిన స్థితిలో ఉన్నారు కనుక కుటుంబ పెద్ద ఆయనే. ఒక కుటుంబానికి ఒకే కాగితం. కాబట్టి అయిదేండ్ల ఫిట్‌నెస్ బీబీపేట కొట్టంలోని ప్రెసిడెంట్ కారుకు మంజూరైంది. పద్మిని కారును ఆశ్రిత వాహనంగా అందులో చేర్చారు. ఆశ్రితులకు విడిగా యోగ్యత అక్కర్లేదు. ఉందని అనుకోవడానికీ వీల్లేదు.

గంగారాంకు ఇందులో ఒక్కటే కావాలి.

"బండి తుక్కుకు పోదు గద బిడ్డా?"

"పోదు కాకా. పెద్దాయన బతికున్నన్ని దినాలు పోదు."

గంగారాం అక్కడే మెట్టు మీద కూర్చొని చాయ్ తెప్పించుకున్నాడు. ఇన్నేండ్లలో తాను బిగించిన ఏ చక్రమూ అన్నకు పట్టాభిషేకం చేయలేదని యేసుబాబు గొణిగాడు, కానీ అతనూ చాయ్ తాగాడు.

ఇప్పుడు అంతా సజావుగానే ఉంది. ఎల్లారెడ్డి దారిలో ఎవరాపినా గంగారాం ప్రెసిడెంట్ కారు కాగితం చూపిస్తాడు. వాళ్లు పచ్చ చక్రం వంక చూసి, చుట్టరికం అర్థం చేసుకొని వదిలేస్తారు. బీబీపేటలో సాయిలు ప్రతి ఆదివారం ట్రాక్టర్ బ్యాటరీ తగిలించి హారన్ ఒకసారి మోగిస్తాడు, మంగవ్వ విన్నాక ఆపుతాడు. పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. వాటికి పరీక్ష అవసరం పడలేదు.

ఉత్తర్వు అడుగున ఒక చిన్న షరతు ఉంది. కుటుంబ పెద్ద రోడ్డు మీద తిరగగలిగిన స్థితిలోనే ఉన్నారని ఏటా నవంబరులో పరిశీలకులు స్వయంగా చూసి నమోదు చేయాలి, ఆ రాకపోకలకు ఆశ్రితులే బండి పెట్టాలి. కాబట్టి ఏటా ఒకసారి భీమేష్ గారు యోగ్యత లేని కారెక్కి కామారెడ్డి నుంచి బయల్దేరి, మూడు చక్రాల మీద నిలబడ్డ కారు దగ్గర దిగి, ఇది బాగా నడుస్తోందని రాసి, మళ్లీ ఆ యోగ్యత లేని కారులోనే కునుకు తీస్తూ ఇంటికి పోతారు.