సుల్తాన్ బొటనవేలు

1937 శీతాకాలంలో అయోవా రాష్ట్రంలోని బెల్‌ఫోర్క్ పట్టణ క్రీడా సంఘం ఏకగ్రీవంగా ఒక తీర్మానం చేసింది. కుస్తీ పోటీలో ఏం జరిగిందన్న వివాదం వస్తే, గోదా పక్కన కూర్చుని కళ్ళారా చూసినవారి మాటకంటే, ఇంట్లో కూర్చుని రేడియోలో చెవులారా విన్నవారి మాటకే ఎక్కువ విలువ ఇవ్వాలని ఆ తీర్మాన సారాంశం. చూసినవారు ఆరువందల మంది, విన్నవారు నలభై వేల మంది. ప్రజాస్వామ్యంలో జనం ఎటు ఎక్కువగా ఉంటే సత్యం అటే ఉంటుంది కాబట్టి ఇందులో ఆక్షేపించవలసింది ఎవరికీ కనపడలేదు. ఇంతటి చారిత్రక తీర్మానానికి మూలపురుషుడైన ఆర్విల్ టటిల్ మాత్రం ఆ రోజు వెనక వరుసలో కూర్చుని, టోపీని రెండు చేతులా నలుపుతూ, మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నానా అవస్థ పడ్డాడు.

ఆర్విల్ బెల్‌ఫోర్క్ రేడియోలో వ్యాఖ్యాత. ప్రతి గురువారం సాయంత్రం ఎనిమిదింటికి, హగ్గర్టీ లివర్ టానిక్ వారి సౌజన్యంతో, ఆర్మరీ హాల్లో జరిగే కుస్తీని ఇంటింటికీ వినిపించడం ఆయన ఉద్యోగం. ఎవరు గెలవాలో మంగళవారం మధ్యాహ్నమే నిర్ణయమైపోయేది. దీన్ని మోసమనేవాళ్ళు కొందరున్నారు. పెళ్ళికూతురెవరో ముందే తెలిసినంత మాత్రాన పెళ్ళి మోసమవుతుందా? సరిగ్గా ఎనిమిదిన్నరకు రేడియోలో చర్చి గాయకబృందం పాట మొదలవ్వాలి గనక, ఓడవలసిన వస్తాదు ఎనిమిదీ ఇరవై ఎనిమిదికల్లా వెల్లకిలా పడిపోయేవాడు. ఆ ఊళ్ళో రైళ్ళకైనా అంత సమయపాలన లేదు.

చిక్కల్లా కుస్తీతోనే వచ్చేది. గోదాలో ఒక వస్తాదు ఇంకో వస్తాదు తలను చంకలో ఇరికించుకుంటే, పావుగంటసేపు ఇద్దరూ అలాగే ఉండిపోతారు. హాల్లో ఉన్నవాళ్ళు ఆ కండలూ చెమటా చూసి సంతోషిస్తారు. రేడియోలో మాత్రం అది మౌనం. మౌనంగా ఉన్న రేడియో ముందు ఎవరూ కూర్చోరు, మీట తిప్పేస్తారు. తిప్పితే అవతల స్టేషన్లో బాంజో మోగుతూ ఉంటుంది, దాని వెనక ఇంకో కంపెనీ వారి టానిక్ ఉంటుంది.

అందుకే టానిక్ యజమాని హగ్గర్టీ గారు ఆర్విల్‌ని ఉద్యోగంలో పెట్టుకున్న రోజునే చెప్పేశాడు. "చూడు టటిల్, గోదాలో వాళ్ళు ఏం చేస్తున్నారన్నది నాకు అనవసరం. నీ నోరు ఆగిందంటే, నీ ఉద్యోగమూ ఆగినట్టే."

ఆర్విల్ బుద్ధిమంతుడు. నోరు ఆపలేదు. బల్లకింద సెలరీ అనే కూర కాడల కట్ట పెట్టుకునేవాడు. మైకు దగ్గర ఒక కాడ ఫట్‌మని విరిస్తే, నలభై వేల ఇళ్ళలో ఎవరిదో మోచెయ్యి విరిగినట్టే. తల పగలాలంటే చెక్కపెట్టె మీద పుచ్చకాయ. ఆయన హయాంలో ఆ హాల్లో ఎన్ని ఎముకలు విరిగాయో లెక్కేస్తే, బెల్‌ఫోర్క్‌లో వస్తాదులన్నవాళ్ళు మిగిలి ఉండకూడదు. వాళ్ళు మాత్రం ప్రతి శుక్రవారం ఉదయం భేషుగ్గా లేచి పనులకు పోయేవారు. దీన్ని శ్రోతలు టానిక్ మహిమగా గ్రహించారు.

ఇక దుష్టుడి సంగతి. దుష్టుడు లేని కుస్తీ ఉప్పులేని కూరే కాబట్టి, బెల్‌ఫోర్క్‌కు ఒక సమర్‌కండ్ సుల్తాన్ ఉండేవాడు. అసలు పేరు బోహుమిల్ క్రాటోష్కా. అయోవాలోనే పుట్టిన చెక్ జాతివాడు. పగలు సాసేజీల దుకాణంలో మాంసం కొట్టేవాడు, ఆదివారం చర్చిలో చందా పళ్ళెం తిప్పేవాడు. సమర్‌కండ్ ఏ దిక్కున ఉందో ఆయనకే కాదు, తలపాగా చుట్టి గోదాలోకి తోసినవాళ్ళకూ తెలియదు. పదకొండేళ్ళుగా ఒక్కరి గోరు కూడా విరవకుండా కుస్తీ పట్టిన మనిషి. దుకాణంలో పని సగానికి తగ్గిపోయాక, ఆయన ఇంట్లో పొయ్యి వెలగడానికి ఆ గురువారం కుస్తీయే ఆధారమైంది.

అక్టోబరులో ఒక గురువారం, సుల్తాన్‌కూ తెల్లజుట్టు టోర్వాల్డ్ హెగ్‌కూ పోటీ. ఎనిమిదీ రెండుకు సుల్తాన్ తలను హెగ్ చంకలో పెట్టుకున్నాడు. ఎనిమిదీ పదమూడుకు కూడా ఆ తల అక్కడే ఉంది. ఆర్విల్ దగ్గర సెలరీ అయిపోయింది. పుచ్చకాయ పగిలిపోయింది. ఇద్దరి తల్లిదండ్రుల గురించీ, హాలు పైకప్పు గురించీ, వాతావరణం గురించీ మాట్లాడటం పూర్తయింది. ఎదురుగా హగ్గర్టీ గారు కనుబొమలు ఎత్తాడు. అప్పుడు ఆర్విల్ నోటినుంచి, ఆయన ప్రమేయం ఏమీ లేకుండానే, ఈ మాటలు వెలువడ్డాయి. "అయ్యయ్యో! సుల్తాన్ బొటనవేలు! కంట్లో పొడిచేశాడండీ! రిఫరీ చూడటం లేదు! అమ్మలారా, పిల్లల చెవులు మూయండి!" అంటూ, ఎవరో తిని వదిలేసిన టమాటాను మైకు ముందు పిసికాడు.

మర్నాటికి ఊరు అట్టుడికిపోయింది. రేడియో స్టేషన్‌కు పదకొండువందల ఉత్తరాలు వచ్చాయి. హెగ్‌కు మూడువందల నలభై సీసాల కంటిచుక్కలూ, మహిళామండలి వారు అల్లి పంపిన కంటిపట్టీలు ఇరవై రెండూ వచ్చాయి. హెగ్ మర్యాదస్థుడు, ప్రేమతో పంపినవి కాదనలేక ఒకటి కట్టుకున్నాడు. పొడిచింది ఏ కంట్లోనో ఆర్విల్ చెప్పలేదు గనక, సోమవారం ఎడమ కంటికీ బుధవారం కుడి కంటికీ కట్టుకున్నాడు. రెండు కళ్ళూ పోయినా చిరునవ్వుతో తిరుగుతున్న వీరుడని పత్రిక రాసింది.

హాల్లో ముందు వరుసలో కూర్చున్నవాళ్ళ పరిస్థితి మరీ దయనీయం. ఇంటికి వెళ్ళగానే పెళ్ళాలు అడిగారు, పొడవడం చూశారా అని. చూడలేదంటే టికెట్టు కొనుక్కుని నిద్రపోయినట్టవుతుంది. ఒకాయన మొదటిరోజు లేదన్నాడు, రెండోరోజు ఏదో జరిగినట్టే ఉందన్నాడు, మూడోరోజు రక్తం తన చొక్కామీద కూడా పడిందని చొక్కా చూపించాడు. వారం తిరిగేసరికి ఆరువందల మందీ చూసినవారే అయ్యారు.

క్రీడా సంఘం విచారణ జరిపింది. అధ్యక్షుడు ఎల్బర్ట్ క్రంప్ గారు, వృత్తిరీత్యా విత్తనాల వ్యాపారి. సుల్తాన్ లైసెన్సు రద్దు కావాలా వద్దా అన్నది ప్రశ్న. ఆర్విల్ రాత్రంతా దొర్లి దొర్లి, తెల్లారి ధైర్యం తెచ్చుకుని, లేచి నిలబడి నిజం చెప్పేశాడు.

"అయ్యా, ఆయన పొడవలేదు. నేనే కల్పించాను. అది టమాటా."

క్రంప్ గారు కళ్ళద్దాలు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మిస్టర్ టటిల్, ఆ సమయంలో మీరేం చేస్తున్నారు?"

"మైకులో మాట్లాడుతున్నానండీ."

"నిమిషానికి రెండువందల మాటలు చెప్పేవాడికి చూసే తీరిక ఎక్కడుంటుందయ్యా? మీ సహృదయతను ఈ సంఘం అభినందిస్తోంది. ఒక దుర్మార్గుణ్ణి కాపాడటానికి మీ వృత్తికే మచ్చ తెచ్చుకోవడానికి సిద్ధపడ్డారు. కానీ నిప్పు లేనిదే పొగ రాదు. పొగను నలభై వేలమంది విన్నారు." చప్పట్లతో సభ మారుమోగింది. లైసెన్సు రద్దయింది. దాంతోపాటే, మొదట చెప్పిన ఆ తీర్మానమూ పాసయింది.

బయట మెట్లమీద బోహుమిల్ ఎదురయ్యాడు. ఎనిమిది మణుగుల మనిషి, పిల్లాడిలా నిలబడ్డాడు.

"ఆర్విల్ బాబూ, నిజం చెప్పు. నేను చేశానా?"

"అదేం మాటయ్యా! ఇప్పుడేగా లోపల చెప్పాను! నువ్వు వేలు కదపలేదు. నీ తల అతని చంకలో ఉంది."

"అదే మరి. తల చంకలో ఉన్నప్పుడు చెయ్యి ఏం చేస్తోందో నాకేం తెలుస్తుంది? మా లుద్మిలా వింది. ఇరవయ్యేళ్ళ కాపురంలో నామీద ఒక్క చాడీ నమ్మని మనిషి. 'నువ్వు చెయ్యకపోతే రేడియో ఎందుకు చెబుతుంది, దానికి నీమీద పగా?' అంటోంది. వారం నుంచీ నాకు విడిగా వడ్డిస్తోంది."

ఆర్విల్‌కు దుఃఖం వచ్చింది. తను చేసిన పాపం తన నోటితోనే కడుక్కోవాలని నిశ్చయించుకున్నాడు. కానీ అన్నం పెట్టే నోటితో నిజం చెప్పించడం ఎంత కష్టమో, నోరు అమ్ముకుని బతికేవాళ్ళకే తెలుస్తుంది. ఈలోగా ఇంటికి రొట్టె కావలసిన బోహుమిల్, అందరి సలహామీద దగ్గరి దారి పట్టాడు. చేశానని ఒప్పుకున్నాడు. రేడియోలోనే, శ్రోతలందరి ఎదుటా, క్షమాపణ చెప్పుకున్నాడు. ఊరి గుండె కరిగి నీరైంది. నెలరోజుల్లో లైసెన్సు తిరిగి ఇచ్చారు. చెయ్యలేదన్నప్పుడు పోయిన లైసెన్సు చేశానంటే వచ్చింది. షరతు ఒక్కటే. ఇంకొక్కసారి బొటనవేలి మాట వినపడితే ఈ జన్మకిక గోదా ఎక్కకూడదు. వినపడితే అన్నారుగాని కనపడితే అనలేదని ఆర్విల్ ఒక్కడే గమనించాడు.

సుల్తాన్ మళ్ళీ హెగ్‌తోనే తలపడటానికి తిరిగివచ్చిన గురువారం హాలు కిక్కిరిసింది. టికెట్టు కొన్నవారికి అన్యాయం జరుగుతోందని, ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్ళకు తెలిసినవన్నీ హాల్లో ఉన్నవాళ్ళకు తెలియడం లేదని ఫిర్యాదులు రావడంతో, యాజమాన్యం వారు ద్వారం పైన గోడకు పెద్ద లౌడ్‌స్పీకర్ బిగించారు. గోదా ఈ చివర, లౌడ్‌స్పీకర్ ఆ చివర. రెండు నిమిషాలు మెడలు అటూ ఇటూ తిప్పి విసిగిపోయిన ప్రేక్షకులు, వివేకవంతులు కాబట్టి, లేచి కుర్చీలు వెనక్కి తిప్పుకున్నారు. ఆరువందల వీపులు గోదావైపూ, పన్నెండువందల చెవులు గోడవైపూ తిరిగాయి.

ఆ రోజు బోహుమిల్ రెండు బొటనవేళ్ళకూ తెల్లగుడ్డ కట్టుకుని వచ్చాడు. ఊరంతా చూడాలని లుద్మిలాయే దగ్గర కూర్చుని గట్టిగా కట్టింది. హెగ్ పట్టు పట్టినప్పుడల్లా బోహుమిల్ చేతులు పైకెత్తి, ఆ కట్లు జనానికి చూపిస్తున్నాడు. చూసేవాడు ఒక్కడు లేడు.

ఆర్విల్ మైకు దగ్గరకు లాక్కున్నాడు. "అమ్మా, అయ్యా, ఒక్కసారి వెనక్కి తిరగండి. నా మాట నమ్మకండి. మీ కళ్ళతో మీరే చూడండి. ఆయన వేళ్ళకు కట్లున్నాయి."

ఈ మాటలన్నీ లౌడ్‌స్పీకర్‌లోంచే వచ్చాయి గనక అందరూ శ్రద్ధగా విన్నారు. ఎవరూ తిరగలేదు. మూడో వరుసలోంచి మిసెస్ గుండర్సన్ అనే ముసలావిడ మాత్రం గోడవైపే చూస్తూ కసిరింది. "మేమే చూసుకుంటే ఇంక నువ్వెందుకోయ్? ఊరికే కూర్చోబెట్టి మేపుతున్నారా? చెప్పు, ఏం జరుగుతోందో చెప్పు!"

హగ్గర్టీ గారు బల్లమీదికి వంగి పళ్ళు నూరాడు. "ఇంట్లో ఉన్నవాళ్ళు ఎటు తిరగాలయ్యా, వంటింటివైపా?"

ఆర్విల్ నోరు మూసుకున్నాడు. మాట ఆగితేనైనా తల తిప్పుతారని ఆశపడ్డాడు. పది సెకన్లు గడిచాయి. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ఇరవై గడిచాయి. ఒకాయన కుర్చీ ఎక్కి లౌడ్‌స్పీకర్‌ను అరచేత్తో కొట్టి చూశాడు. "ఏమైందయ్యా? బతికున్నారా, పోయారా?" అని ఎవరో ఏడుపు గొంతుతో అరిచారు. వాళ్ళ వీపుల వెనక హెగ్ సుల్తాన్‌ను ఎత్తి పడేశాడు, చెక్కలు దద్దరిల్లాయి. "అబ్బబ్బ, ఎవరండీ అక్కడ! ఆ చప్పుళ్ళు ఆపండి, వినపడి చావడం లేదు!" అని వెనక్కి చూడకుండానే నలుగురు విసుక్కున్నారు. వస్తాదులిద్దరూ బెదిరి, పట్టు వదిలేసి, చప్పుడు కాకుండా నిలబడ్డారు.

నలభై సెకన్లయింది. హగ్గర్టీ గారు ఆర్విల్ టోపీ తీసి, దులిపి, ఆయన ముందు పెట్టాడు.

ఆర్విల్ ఆ టోపీని చూశాడు. బోహుమిల్‌ను చూశాడు. నోరు తెరిచాడు. నిజమే చెబుదామని తెరిచాడని ఆయన తర్వాత చాలాకాలం అందరికీ చెప్పుకున్నాడు. కానీ అలవాటుపడ్డ నోరు.

"అయ్యయ్యో! సుల్తాన్ మళ్ళీ! అదే బొటనవేలు!"

ఆరువందల మంది హమ్మయ్య అని ఊపిరి పీల్చుకుని కుర్చీల్లో సర్దుకున్నారు. ఇళ్ళలో మీట తిప్పబోతున్న చేతులు ఆగిపోయాయి.

గోదా మధ్యలో, హెగ్‌కు రెండు బారల దూరంలో నిలబడి ఉన్న బోహుమిల్ కూడా ఆ మాట విన్నాడు. మెల్లగా చేతులు దించాడు. పళ్ళతో ముడి లాగి, భార్య కట్టిన కట్టు విప్పి, తన బొటనవేలిని దీపానికి ఎత్తిపట్టి అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తర్వాత దాన్ని నిక్కరుకు తుడుచుకుని, ఎవరూ పొమ్మనకుండానే గోదా దిగి వెళ్ళిపోయాడు.