కొట్టుకొక మనిషి

ఆ రోజు పొద్దున శాతం గారు వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. ఆఫీసుకు వెళ్లాలి, ఫ్యాను కింద కూర్చోవాలి, సాయంత్రం ఇంటికి రావాలి. ప్రణాళికా శాఖ ఉద్యోగి తన కోసం ఇంతకంటే పెద్ద ప్రణాళిక వేసుకోడు. ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఆకలిగా ఉందా అని అడిగినా "అరవై శాతం" అనేవారు కాబట్టి ఊరందరికీ ఆయన శాతం గారే.

చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. కిందటి వారం సమావేశంలో డైరెక్టరు గారు, దేశం వేగంగా ఎదగాలి, ఆ ఎదుగుదల అందరికీ అందాలి అని చాలాసేపు చెప్పి, అలాంటి చోటు ఒక్కటైనా చూపించగలరా అని అడిగారు. అందరూ తలలు దించుకుంటే శాతం గారు మాత్రం లేచి, "మన శాఖ శిక్షణ ఇచ్చాక మా వీధిలో కొట్టుకొక మనిషి చొప్పున పెరిగారండి" అనేశారు. నోరు ఊరుకోదు కదా. ఇప్పుడు ఆ వీధిని చూడటానికి డైరెక్టరు బయల్దేరారట.

శాతం గారి భార్య టైలరమ్మకు ఆ వీధిలోనే బట్టలు కుట్టే కొట్టు ఉంది. సంగతి విని ఆవిడ టేపు మెడలో వేసుకుంటూ నిదానంగా అంది.

"ఎవరు పెరిగారండీ? మూడు కొట్లు, ముగ్గురం మనుషులం. నిన్నా అంతే, ఇవాళా అంతే."

"అబద్ధమని తేలితే నన్ను ఏ మారుమూలకో బదిలీ చేస్తారే."

"అప్పుడు నేను కొట్టు మూసుకుని మీ వెంట రావాలి. ఇప్పుడిప్పుడే నలుగురూ వస్తున్నారు."

ఆవిడ చేత కొట్టు మూయించడం శాతం గారికి ఇష్టం లేదు, ఆవిడ లేకుండా బతకడం ఆయనకు చేతకాదు. కళ్లజోడు నుదుటి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికే మనిషి ఆయన.

అందుకని భార్యనూ, పక్క కొట్లలోని సెలూన్ ఆయననూ, సైకిళ్లు బాగుచేసే బాబాయినీ విడివిడిగా బతిమాలుకున్నారు. కాసేపు కొట్టులో ఇంకో మనిషి కనబడితే చాలన్నారు. "అదెంత పని" అన్నారు ముగ్గురూ. సెలూన్ ఆయన సైకిల్ బాబాయిని రమ్మన్నాడు. సైకిల్ బాబాయి టైలరమ్మను రమ్మన్నాడు. టైలరమ్మ సెలూన్ ఆయనను రమ్మంది. నా కొట్టుకు ఎలాగూ మనిషి వస్తున్నాడు, ఖాళీగా ఉండదు, నేను పక్కవాళ్లకు సాయం వెళ్లొచ్చు అని ఎవరికి వారే అనుకున్నారు. మంచితనం ఎక్కువైతే ఇలాగే ఉంటుంది. డైరెక్టరు కారు ఆగేసరికి మూడు కొట్లలోనూ ఒక్కొక్క మనిషే ఉన్నాడు, ఎవరూ సొంత కొట్టులో లేరు.

డైరెక్టరు నేరుగా సెలూన్ కుర్చీలో కూర్చున్నారు. "మాట్లాడుకుంటూ జుట్టు కత్తిరించుకుందాం. కాస్త తగ్గించండి చాలు."

సైకిల్ బాబాయి మాట ఇస్తే తప్పే మనిషి కాదు. కత్తెర తీసుకుని కుడివైపు కానిచ్చాడు. తర్వాత ఒక కన్ను మూసి, కుర్చీని సైకిల్ చక్రంలా గిర్రున తిప్పి, తలను పరీక్షగా చూశాడు. "ఎడంవైపు బెండుంది సార్. తీసేద్దాం."

డైరెక్టరు గట్టిగా కుర్చీ పట్టుకున్నారు. "ఇక్కడ ఇద్దరుండాలి కదా. రెండో మనిషేడి?"

"టైలరు కొట్టుకు వెళ్లాడు సార్."

మెడ చుట్టూ గుడ్డతోనే ఆయన టైలరు కొట్టుకు నడిచారు. శాతం గారు తేలు కుట్టిన దొంగలా వెనకాలే నడిచారు. అక్కడ సెలూన్ ఆయన ఎవరిదో ప్యాంటును కాస్త పొట్టి చేయబోయి, రెండు కాళ్లూ సమానం చేస్తూ చేస్తూ మోకాళ్ల దాకా తెచ్చాడు.

"మీ రెండో మనిషి?"

"సైకిల్ కొట్టులో ఉందండి."

సైకిల్ కొట్టు ముందు ఆడవాళ్లు సైకిళ్లతో బారులు తీరి ఉన్నారు. టైలరమ్మ ట్యూబుకు అతుకు వేస్తోంది. అతుకులు ఆవిడకు కొత్తా? వరసలో ముందున్నావిడ చెప్పింది, "ఇన్నాళ్లూ గాలి పోతే తోసుకుంటూ ఇంటికెళ్లేవాళ్లం సార్. మగాళ్లు కూర్చునే చోట నిలబడాలంటే మొహమాటం. ఇవాళ ఈవిడ ఉందని తెలిసి అందరం ఫోన్లు చేసుకుని వచ్చేశాం."

"ఇక్కడ రెండో మనిషి ఎక్కడమ్మా?" అన్నారు డైరెక్టరు, నీరసంగా.

"సెలూన్‌లో ఉన్నాడండి," అంది టైలరమ్మ తల ఎత్తకుండా.

శాతం గారు ఇక దాచలేకపోయారు. "ముగ్గురూ ముగ్గురే సార్. ఒక్కరు కూడా పెరగలేదు."

"ఆ సంగతి నా తలే చెబుతోంది."

ఇంతలో కత్తెర పట్టుకుని సైకిల్ బాబాయి వచ్చాడు. వరసలో సైకిళ్లు లెక్కపెట్టాడు. "సగం కొట్టు నువ్వే తీసుకో తల్లీ. ఇంతమందిని నా జన్మలో చూడలేదు. ఈ కత్తెర మాత్రం నాకొద్దు."

"తీసుకుంటా బాబాయ్. కానీ ఇటు అతుకులు, అటు కుట్లు నా ఒక్కదానివల్ల కాదు. సాయానికి ఇద్దరమ్మాయిల్ని పెట్టుకోవాలి," అంది టైలరమ్మ. వరసలోంచి నాలుగు చేతులు లేచాయి.

డైరెక్టరు సగం తల నిమురుకుంటూ చాలాసేపు ఆ చేతులను చూశారు. "అబద్ధమాడినందుకు మీకు బదిలీ. దానివల్ల మంచి జరిగినందుకు పదోన్నతి. రెండూ కలిపి ఒకే ఉత్తర్వు ఇస్తాను. ఊరూరా తిరిగి, ఆడవాళ్ల కోసం ఇలాంటి కొట్లు పెట్టించండి."

శాతం గారు ఆశగా భార్య వైపు తిరిగారు. "అయితే మనిద్దరం ఎప్పుడు బయల్దేరదాం?"

"నేనెక్కడికండీ? చూస్తున్నారుగా, చేతినిండా పని. మీరు వెళ్లిరండి. మెల్లగా వంట కూడా నేర్చుకోండి, మనిషన్నాక కాస్త ఎదగాలి," అంది ఆవిడ, మరో ట్యూబు అందుకుంటూ.

అందరినీ కలుపుకుపోయే వృద్ధి ఆ వీధికి నిజంగానే వచ్చింది, అందులో కలవనిది ఒక్క శాతం గారే.